వెండింగ్ మెషీన్‌లో ఏం పెట్టాలి? స్ప్రింగు స్ప్రింగుకీ సరుకు ఎంచుకునే పద్ధతి

మెషీన్ వచ్చింది, పెట్టడానికి చోటు కుదిరింది, కరెంటు కనెక్షన్ కూడా అయిపోయింది. ఇక అద్దం వెనకాల ఖాళీగా కనిపిస్తున్న, ప్యాకెట్లని పట్టి ఉంచి ముందుకి తోసే ఆ ముప్పై నలభై స్ప్రింగుల్ని వేటితో నింపాలన్నదే మిగిలింది. చాలామంది ఇక్కడ నేరుగా హోల్‌సేల్ షాపుకి వెళ్లి, తమకి నచ్చినవి కొన్ని, ఆ రోజు ఆఫర్‌లో చవగ్గా వస్తున్నవి కొన్ని, పెట్టెలకి పెట్టెలు తెచ్చి నింపేస్తారు. మొదటి మెషీన్‌ని నేనూ అలాగే నింపాను. వారం తిరక్కుండానే నాలుగైదు స్ప్రింగులు ఖాళీ అయిపోయాయి, మిగతావాటిలో చాలా ప్యాకెట్లు నెల తర్వాత కూడా పెట్టినచోటే ఉన్నాయి, చివరికి గడువు దాటినవన్నీ ఏరి పారేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నేర్చుకుంటూ వచ్చిన పద్ధతిని వరసగా చెప్తాను. దీనంతటికీ మూలం ఒక్కటే. సరుకు ఎన్ని రకాలైనా దొరుకుతుంది, మెషీన్‌లో చోటు మాత్రం పెరగదు. కాబట్టి ఒక్కో స్ప్రింగుకీ విడిగా అద్దె కడుతున్నానని అనుకోండి, ఆ అద్దెకి తగ్గట్టు అది మీకేం సంపాదించి పెడుతోందో చూస్తూ ఉండండి.

1. ముందు అక్కడికి వచ్చే మనుషుల్ని చూడండి

సరుకు కొనకముందే మెషీన్ పెట్టే చోట ఒక పూట కూర్చోండి. వీలైతే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి కూడా తెరిచి ఉండే చోటైతే రాత్రి ఒకసారి. ఎవరు వస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, కూర్చుని తినే వీలుందా లేక నడుస్తూ తినాలా, దగ్గర్లో క్యాంటీన్ ఉంటే అది ఎన్నింటికి మూస్తారు, తాగే నీళ్లు ఉచితంగా దొరుకుతున్నాయా, ఇవన్నీ రాసుకోండి. ఈ చివరిది చాలామంది చూడరు. పది అడుగుల దూరంలో చల్లటి మంచినీళ్ల కుళాయి ఉన్నచోట నాలుగు స్ప్రింగుల నిండా వాటర్ బాటిళ్లు పెట్టి లాభం లేదు.

ఇంకో పని కూడా చేయండి, మొహమాటపడకుండా. దగ్గర్లో ఉన్న చెత్తబుట్టల్లోకి ఒకసారి తొంగి చూడండి. వాటిలో పడున్న ఖాళీ ప్యాకెట్లు, సీసాలు చూస్తే అక్కడివాళ్లు బయటి నుంచి ఏం తెచ్చుకుని తింటున్నారో తెలిసిపోతుంది. నోటితో అడిగితే "ఏదైనా ఆరోగ్యానికి మంచివి పెట్టండి" అంటారు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు కూడా, కానీ సాయంత్రం ఆకలేసినప్పుడు చెయ్యి వెళ్లేది వేరే దాని మీదికి. ఊడ్చి శుభ్రం చేసేవాళ్లతో, సెక్యూరిటీ వాళ్లతో కూడా మాట్లాడండి. ఏ వేళకి జనం ఎక్కువో, ఎవరు ఏం వెతుక్కుంటారో వాళ్లకి తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్న మేనేజరుకి తెలియదు.

చోటుని బట్టి లిస్టు ఎంతలా మారుతుందో చూడండి. ఫ్యాక్టరీలో షిఫ్టు మధ్య విరామం పది పదిహేను నిమిషాలే ఉంటుంది, అందులో సగం క్యూలోనే పోతుంది. వాళ్లకి ఒంటి చేత్తో గబగబా తినగలిగేవి, కడుపుకి ఆనేవి కావాలి. జిమ్‌లో నీళ్లు, ప్రోటీన్ బార్లు కదులుతాయి, చిప్స్ అంతగా కదలవు. లైబ్రరీ పక్కన పెట్టే మెషీన్‌లో గరగరలాడే పెద్ద ప్యాకెట్లు తగ్గించాలి, కొన్నాక అందరి ముందూ విప్పడానికి జంకి అసలు కొనడమే మానేస్తారు. ప్రయాణికులు ఉండే చోట క్యాన్ కంటే మూత ఉన్న బాటిల్ నయం, ఎందుకంటే క్యాన్ ఒకసారి తెరిస్తే అక్కడే తాగేయాలి, బాటిల్ అయితే బ్యాగులో వేసుకుని వెళ్లిపోవచ్చు.

ఆసుపత్రి సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ రాత్రి రెండు గంటలకి మెషీన్ ముందు నిలబడే మనిషి కాలక్షేపానికి ఏదో నమలడానికి రాడు. లోపల తనవాళ్లెవరో పడుకుని ఉన్నారు, పొద్దుటి నుంచి సరిగ్గా తినలేదు, వాళ్లని వదిలి దూరం వెళ్లలేడు, వెళ్లినా ఆ వేళకి షాపులు తెరిచి ఉండవు. ఆ మనిషికి కావలసినవి కాస్త కడుపు నిండే తిండి, నీళ్లు, టూత్‌బ్రష్, టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, ఫోన్ ఛార్జింగ్ కేబుల్. షుగర్ ఉన్నవాళ్లు కూడా వస్తుంటారు కాబట్టి చక్కెర వేయనివి రెండు మూడు రకాలైనా ఉండాలి. కేబుల్ నెలకి మూడే అమ్ముడుపోవచ్చు. అయినా ఆ స్ప్రింగు తీసేయొద్దని నా మాట, కేబుల్‌కి గడువు లేదు, పాడవదు, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయడానికి బ్యాటరీ అయిపోయిన మనిషికి ఆ సమయంలో అది ఇంకెక్కడా దొరకదు. మందులు మాత్రం, చిన్న తలనొప్పి మాత్ర అయినా సరే, మీ ప్రాంతపు చట్టం ఏం చెప్తోందో కనుక్కోకుండా పెట్టకండి.

స్కూళ్లలో పెట్టేవాళ్లకి ఒక్క మాట. కూల్ డ్రింకులు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉండే వాటి మీద చాలా దేశాల్లో స్కూళ్లకి విడిగా నియమాలు ఉన్నాయి. ఏవి కుదరవో యాజమాన్యం దగ్గర కాగితం మీద రాయించుకున్నాకే లిస్టు మొదలుపెట్టండి.

2. మీ మెషీన్ దేన్ని పట్టగలదో తెలుసుకోండి

మనిషికి నచ్చితే చాలదు, మెషీన్‌కి కూడా నచ్చాలి. స్ప్రింగు ఒక చుట్టు తిరిగితే ఒక వస్తువు ముందుకొచ్చి కింద పడుతుంది. చుట్లు దగ్గర దగ్గరగా ఉన్న స్ప్రింగులో ఎక్కువ వస్తువులు పడతాయి, కాకపోతే అవి సన్నగా ఉండాలి, చాక్లెట్ బార్లలాంటివి. చుట్లు దూరంగా ఉన్నది చిప్స్ ప్యాకెట్లకి. వస్తువు మందం ఆ సందు కంటే కొంచెం తక్కువ ఉండాలి. మరీ తక్కువైతే పక్కకి వాలిపోయి ఇరుక్కుంటుంది, లేదా ఒకదానికి రెండు పడతాయి. మరీ బిగుతుగా ఉంటే స్ప్రింగు తిరుగుతుంది కానీ ప్యాకెట్ కొసన వేలాడుతూ ఉండిపోతుంది. డబ్బులు పెట్టి, అద్దంలోంచి ఆ వేలాడే ప్యాకెట్‌ని చూస్తూ నిలబడినవాళ్లు మళ్లీ మీ మెషీన్ దగ్గరికి రారు, వాళ్ల పక్కవాళ్లకి కూడా చెప్తారు.

అందుకని ఏ కొత్త సరుకైనా పెట్టె మొత్తం కొనకండి. ఐదారు ప్యాకెట్లు తెచ్చి, స్ప్రింగులో వేసి, మెషీన్‌ని టెస్ట్ మోడ్‌లో (డబ్బు వేయకుండానే స్ప్రింగులు తిప్పి చూసే పద్ధతి) పెట్టి అన్నీ పడేదాకా తిప్పి చూడండి. ముఖ్యంగా చివరి ప్యాకెట్ చూడండి, వెనక ఇంకో ప్యాకెట్ ఆసరా లేనప్పుడే చాలావరకు వాలిపోయేది. పై ట్రే అడుగుకి ప్యాకెట్ తల తగులుతోందా అన్నదీ చూసుకోవాలి. పడే చోట సెన్సర్ ఉన్న మెషీన్ అయితే, వస్తువు పడటం అది గుర్తించకపోతే స్ప్రింగుని మరికాస్త తిప్పుతుంది, అప్పటికీ పడకపోతే డబ్బు తిరిగిచ్చేస్తుంది. కొన్ని సెన్సర్లు మరీ చిన్నవీ, తేలికవీ పడినప్పుడు పట్టుకోలేవు, అలాంటివి పెట్టేముందు పదిసార్లయినా పడేసి చూడండి.

పడినప్పుడు ఏమవుతుందన్నది ఇంకో సంగతి. పై నుంచి జారవిడిచే మెషీన్‌లో గాజు సీసాలు పెట్టనే పెట్టకూడదు. గ్యాస్ ఉన్న కూల్ డ్రింకు ఎత్తు నుంచి పడితే, తీసిన వెంటనే మూత విప్పినవాళ్ల బట్టల మీద పొంగుతుంది. పల్చటి క్రీమ్ బిస్కెట్లు లోపలే ముక్కలవుతాయి. లిఫ్టులాంటి అర ఉండి వస్తువుని మెల్లగా కిందికి దించే మెషీన్లలో ఈ బెంగ లేదు, మీది ఏ రకమో చూసుకుని దానికి సరిపోయేవే ఎంచుకోండి.

3. వేడి, చల్లదనం

చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకంటే ముందే మొదలవుతుంది. చల్లదనం లేని మెషీన్, మధ్యాహ్నం ఎండ నేరుగా అద్దం మీద పడే చోట ఉంటే లోపల గది కంటే వేడి ఎక్కువగా ఉంటుంది. ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పూతలాంటిది వస్తుంది, తింటే హాని లేదు కానీ విప్పిచూసినవాళ్లు బూజు పట్టిందనుకుంటారు. కాబట్టి వేసవి నాలుగు నెలలూ ఆ స్ప్రింగులకి బిస్కెట్లు, వేయించిన పల్లీలు, బాదంపప్పు లాంటివి వేసేయండి.

శాండ్‌విచ్‌లు, పాలు, పెరుగు, కోసిన పండ్లు పెడదామని మీకు ఆశగా ఉండొచ్చు, వాటికి గిరాకీ నిజంగానే ఉంటుంది. కానీ అవి 5 డిగ్రీలకి మించకుండా ఉండాలి, రాత్రీ పగలూ. అంతకంటే వేడెక్కితే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, చాలాసార్లు వాసనలో కానీ రుచిలో కానీ తేడా తెలియదు కూడా. ఇలాంటి తిండి కోసం చేసిన మెషీన్లలో లోపలి వేడి హద్దు దాటి కొంతసేపు అలాగే ఉంటే అమ్మకం దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మీ మెషీన్‌లో అది లేకపోయినా, కరెంటు తరచూ పోయే చోటైనా, రోజూ వెళ్లి చూసుకునే తీరిక మీకు లేకపోయినా, వీటి జోలికి పోవద్దు. ఇందులో మధ్యేమార్గం లేదు. మెషీన్ పక్కన మనం ఉండం, తిన్నవాళ్లకి ఏమైనా అయితే అక్కడ పట్టించుకునే మనిషి కూడా ఉండడు.

4. మొదటి లిస్టు రాయడం

నలభై స్ప్రింగులు ఉన్నాయి కదా అని నలభై రకాలు తేవద్దు. నేనైతే నలభైకి ఇరవై ఐదు రకాల దగ్గర ఆగుతాను. వాటిలో ఎక్కువ భాగం అందరికీ తెలిసినవి, చూడగానే గుర్తుపట్టేవి. మెషీన్ ముందు ఎవరూ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చూడలేరు, వాసన చూడలేరు, కాబట్టి తెలియనిదాని మీద డబ్బు పెట్టడానికి వెనకాడతారు. తీపి, ఉప్పు, కారం, తాగేవి, కాస్త కడుపు నిండేవి, ఈ ఐదింటిలో ఏదీ పూర్తిగా లేకుండా పోకూడదు. నూనె, చక్కెర తక్కువగా ఉన్నవి నాలుగైదు పెట్టండి, వాటిని అడుగున మూలకి తోసేయకుండా కళ్లకి ఎదురుగా పెట్టండి, అలా ఒక నెల చూడకుండా "ఇక్కడివాళ్లు ఇవి కొనరు" అని తేల్చేయకండి. వేరుశనగ, పాలు, గోధుమ లాంటివి పడనివాళ్లు ఉంటారు, వాళ్లు కూడా ధైర్యంగా కొనుక్కోగలిగేవి ఒకటి రెండైనా ఉంటే మంచిది, వాటిలో ఏమేం ఉన్నాయో రాసిన వైపు అద్దంలోంచి చదివేలా ప్యాకెట్ తిప్పి పెట్టండి.

మిగిలిన పదిహేను స్ప్రింగులూ బాగా పోయే సరుకుకి రెండోసారి, మూడోసారి ఇవ్వాలి. దీని లెక్క సులువు. ఒక స్ప్రింగులో 10 ప్యాకెట్లు పడతాయి, రోజుకి 4 పోతున్నాయి, మీరు 5 రోజులకోసారి వెళ్తారనుకోండి. మీకు కావలసింది 20, ఉన్నది 10. మూడో రోజు మధ్యాహ్నానికే అది ఖాళీ, మిగతా రెండున్నర రోజులూ అడిగి వచ్చినవాళ్లు ఊరికే వెనక్కి వెళ్తున్నారు. దానికి రెండు స్ప్రింగులు ఇస్తే, ఎవరికీ తెలియని కొత్త రకం ఒకటి పెట్టిన దానికంటే చాలా ఎక్కువ వస్తుంది. మొదట్లో రోజుకి ఎన్ని పోతాయో తెలియదు కాబట్టి మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజైనా వెళ్లి రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఆ రెండు వారాల కాగితమే తర్వాత ఏడాది పాటు పనికొస్తుంది.

ధర పెట్టేటప్పుడు చిల్లర గురించి ఆలోచించండి. నాణేలు, నోట్లు మాత్రమే తీసుకునే మెషీన్ అయితే చిల్లర అవసరం పడని ధరలకి కుదిరే సరుకే ముందు ఎంచుకోండి. ఫోన్‌తోనో కార్డుతోనో కట్టే వీలుంటే ఈ టెన్షన్ ఉండదు.

5. ఏది ఎక్కడ

బరువైనవి, అంటే బాటిళ్లు, క్యాన్లు, కింది ట్రేల్లో. తక్కువ ఎత్తు నుంచి పడతాయి, పైగా కొన్ని మెషీన్లలో చల్లదనం కింది భాగానికే ఎక్కువగా అందుతుంది. చిప్స్‌లాంటి తేలికవి పైన, పడినా ఏమీ కావు. విరిగిపోయే బిస్కెట్లు మధ్యకంటే కిందకి. కంటికి ఎదురుగా ఉండే ట్రేలో మీకు లాభం ఎక్కువ మిగిల్చేవి పెట్టండి, ఎందుకంటే అందరికీ బాగా తెలిసిన సరుకుని జనం ఎక్కడున్నా వెతుక్కుని కొంటారు. పక్కపక్కనే ఒకేలాంటివి రెండు పెడితే నంబరు తప్పు నొక్కడం ఎక్కువవుతుంది.

6. లాభం, గడువు కలిపి చూడండి

ఒక ప్యాకెట్ మీద ఎంత మిగులుతోందని కాకుండా, ఒక స్ప్రింగు మీద వారానికి ఎంత మిగులుతోందని చూడండి. ఒక ఖరీదైన బార్ మీద, మామూలు బిస్కెట్ ప్యాకెట్ మీద వచ్చేదానికి మూడు రెట్లు మిగులుతుందనుకుందాం. వారంలో బిస్కెట్లు 30 పోయి బార్లు 5 పోతే, బార్ల స్ప్రింగు బిస్కెట్ల స్ప్రింగులో సగమే సంపాదించినట్టు. చేతిలో పట్టుకుని చూస్తే బార్ మంచి బేరంలా కనిపిస్తుంది, అందుకే ఈ లెక్క కాగితం మీద వేయాలి.

గడువు లెక్క ఇంకా కఠినం. అమ్మే ధరలో పాతిక శాతం మీకు మిగులుతుందంటే, గడువు దాటి పారేసిన ఒక్క ప్యాకెట్ మూడు ప్యాకెట్ల లాభాన్ని తినేస్తుంది. హోల్‌సేల్ షాపులో సగం ధరకి ఇస్తామన్నప్పుడు పెట్టె మీద తేదీ చూడండి, చాలావరకు గడువు దగ్గరపడిందనే ఆ ధర. మీ దగ్గరున్న మొత్తం సరుకు, మెషీన్‌లోదీ ఇంట్లో పెట్టెల్లోదీ కలిపి, ఎన్ని రోజుల్లో పోతుందో లెక్కేసి, గడువు అంతకి కనీసం రెట్టింపు ఉంటేనే కొనండి. నింపేటప్పుడు కొత్తవి వెనక, పాతవి ముందు ఉండాలి. తొందరలో కొత్తవి ముందు గుచ్చేస్తే వెనకున్నవి నెలల తరబడి అలాగే ఉండిపోతాయి.

7. అమ్మకాలు చూసి మార్చడం

చాలామంది మోసపోయేది ఇక్కడ. వారం తర్వాత చూస్తే రెండు సరుకులు చెరి పది అమ్ముడయ్యాయి. రెండూ సమానమేననిపిస్తుంది. కానీ ఒకటి రెండు రోజుల్లోనే పది అయిపోయి ఐదు రోజులు ఖాళీగా ఉంది, ఇంకోటి వారమంతా నిదానంగా పోయింది. మొదటిదానికి అసలు గిరాకీ వారానికి ముప్పై అయిదు దాకా ఉండొచ్చు, స్ప్రింగులో లేదు కాబట్టి అంకెల్లో కనిపించలేదు. అందుకని ఎన్ని పోయాయన్నదాని పక్కనే, నేను వెళ్లేసరికి ఖాళీగా ఉందా లేదా అన్నది కూడా రాయండి. నెట్‌కి కలిపిన మెషీన్ అయితే ఏ గంటకి ఏది పోయిందో ఫోన్‌లోనే చూడొచ్చు, చివరి ప్యాకెట్ ఎప్పుడు పోయిందో ముందు అదే చూడండి.

నెలకోసారి అన్నిటికంటే తక్కువ పోయిన రెండు మూడు రకాలు తీసేసి కొత్తవి పెట్టండి. ఒక్కసారిగా పదింటిని మార్చేయకండి, అలా చేస్తే అమ్మకాలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో తెలియదు, రోజూ వచ్చేవాళ్లకి కూడా తాము కొనేది కనపడక చిరాకేస్తుంది. తీసేసే ముందు దాని స్ప్రింగు మార్చి ఒక్క రెండు వారాలు చూడండి, కొన్నిసార్లు తప్పు సరుకుది కాదు, అది మోకాలి ఎత్తులో ఎవరికీ కనపడని మూలన ఉంది, అంతే. సెలవులు, పరీక్షలు, ఎండలు, చలి వచ్చినప్పుడు ఆ వారం అంకెల్ని మామూలు వారంతో పోల్చకండి.

మెషీన్ పక్కన ఒక కాగితం అంటించి పెన్ను కట్టండి, "ఏం కావాలో రాయండి" అని. మొదట్లో పిచ్చిగీతలు ఉంటాయి, పది రోజులు ఆగితే నిజమైన కోరికలు వస్తాయి. ఒకే మాట మూడు వేర్వేరు చేతిరాతల్లో కనిపిస్తే, ఆరు ప్యాకెట్లు తెచ్చి, టెస్ట్ చేసి, తర్వాతి వారమే పెట్టండి, పెట్టినట్టు ఆ కాగితం మీదే దాని ఎదురుగా నంబరు రాయండి. తీసేసిన సరుకు గడువు ఇంకా నెల పైన ఉంటే వేరే మెషీన్‌కి మార్చండి, వారం పది రోజులే ఉంటే అక్కడ పనిచేసేవాళ్లకి పంచేయండి.